పెత్రమాస విస్తరి

“రాసింది నువ్వు గాదు. గంతే గదా?”

“నేను రాయలే మేడమ్.”

కోమల మూడోసారి అడిగింది. స్పందన మూడోసారీ అదే జవాబు చెప్పింది. అబద్ధం చెప్పేవాళ్లు మూడోసారికి కోపం తెచ్చుకుంటారని, నిజం చెప్పేవాళ్లు ఏడ్చేస్తారని పోలీసు ఉద్యోగం కోమలకు నేర్పింది. ఈ అమ్మాయి కోపమూ తెచ్చుకోలేదు, ఏడవనూ లేదు. చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కోమల దాన్ని నిజం కిందనే జమ కట్టింది. ఆ రోజు ఆమె చేసిన తప్పుల్లో అది మొదటిది.

కరీంనగర్ కోర్టు వెనక, జిరాక్స్ షాపు మీది గదిలో కోమల డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగం వదిలి పెట్టుకున్న ఏజెన్సీ. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లగాడు తాగుతాడా, దుబాయిలో నిజంగా సూపర్‌వైజరేనా, ఇదీ వరస. చాలాకాలానికి ఒక అసలైన కేసు మెట్లెక్కి వచ్చిందని పొద్దున ఆమెకు లోలోపల కాస్త సంబరం కూడా కలిగింది. ఆ సంబరాన్ని తలుచుకుని తర్వాత ఆమె సిగ్గుపడింది.

స్పందన త్రిశిఖర గ్రానైట్స్ ఆఫీసులో పనిచేస్తుంది. కూలీల హాజరు, జీతాలు ఆమె చూస్తుంది. ఉద్యోగులు తమ పేరు చెప్పకుండా కంపెనీల గురించి మంచీచెడూ రాసుకునే వెబ్‌సైటు ఒకటుంది. అందులో ఈ కంపెనీ మీద ఎవరో ఒక రివ్యూ రాశారు. విదేశాల్లో గ్రానైటు కొనేవాళ్లు దాన్ని చదివి, ఇదేమిటని యజమానిని అడిగారు. అప్పటి నుంచి రాసిందెవరని వేట మొదలైంది.

కోమల ఫోనులో ఆ రివ్యూ తెరిచి మళ్లీ పైకి చదివింది.

“ఇక్కడ జీతం టైముకు వస్తుంది. మంచి అదొక్కటే. కూలీ లక్ష్మణ్ బైకు మీద నుంచి పడి చనిపోలేదు. క్వారీలో రెండో బెంచి దగ్గర బండ జారి మీద పడింది. అవ్వా అని రెండుసార్లు పిలిచాడు. శవాన్ని టిప్పర్‌లో తీసుకెళ్లి కల్వర్టు పక్కన రోడ్డు మీద పడేశారు. వెంటనే మళ్లీ పని మొదలుపెట్టారు. మనిషి పోతే ఆ పూట పని ఆపాలని కూడా తెలియని కంపెనీ.”

చదువుతున్నంతసేపూ స్పందన నేల చూపులు చూసింది.

“ఆ రోజు నువ్వెక్కడున్నవ్?”

“ఆఫీసుల. గుట్ట మీదికి ఆడోళ్లను రానియ్యరు మేడమ్. నేను ఆ బెంచి మొఖమే చూడలే.”

“మరి నీ మీదనే ఎందుకు పడ్డరు?”

“ఆఫీసుల తెలుగు టైపింగ్ నాకే మంచిగ వస్తదని.”

“వెబ్‌సైటోళ్లు పేరు చెప్తరా?”

“అడిగిన్రట. కోర్టు ఆర్డర్ ఉంటే రమ్మన్నరట. అందుకనే నన్ను పట్టుకున్నరు. రేప్పొద్దుగాల వరకు టైమిచ్చిన్రు. నేనే రాసిన, అంతా అబద్ధం రాసిన అని ఒప్పుకోవాలె. లేకుంటే రాసినోళ్ల పేరు చెప్పాలె. రెండూ కాకుంటే బ్లాక్‌మెయిల్ కేసు పెట్టి లోపలేయిస్తమన్నరు.” ఆమె చున్నీ అంచును వేలికి బిగించింది. “మా బాపు శ్రీరాంపూర్ల ఉంటడు. బొగ్గుబాయి పని చేసి దిగిపోయిండు. ఊపిరితిత్తులు ఖరాబైనయి. పోలీసులు ఇంటికొస్తే ఆయన తట్టుకోడు మేడమ్.”

“నువ్వు రాయలేదంటే రాసినోళ్లు ఇంకెవరో ఉన్నరు. బండ పడ్డ జాగ వాళ్లకు తెల్సు. వాళ్లను పట్టుకుంటె నువ్వు బయటపడ్తవ్.”

స్పందన గబుక్కున తలెత్తింది. “పట్టుకోకుంట నన్ను బయటేసే తొవ్వ లేదా?”

వింత ప్రశ్న. కోమల దాన్ని కూడా జాలి కిందనే జమ కట్టింది.

*

క్వారీ గేటు దగ్గర విజయేందర్ నిలబడి ఉన్నాడు. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు కోమల ఆయన కిందే పనిచేసింది. ఇప్పుడు త్రిశిఖర గ్రానైట్స్‌కు సెక్యూరిటీ పెద్ద ఆయనే. ఖాకీ విప్పినా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడే తీరు మాత్రం ఆయన విప్పలేదు.

“రా కోమలా. స్కూటీ బయటనే పెట్టు. లోపల టైర్లు కోస్కపోతయి.”

“గేటు తీస్తరనుకోలే సార్.”

“దాచేటోడు మూస్తడు. మా దగ్గర దాస్తందుకు ఏమున్నది? తిరుగు, చూడు. ఇయ్యాల పని గూడ లేదు. నిన్న పెత్రమాసకు పోయినోళ్లు ఇంకా రాలే.”

“లక్ష్మణ్ బైకు పొద్దుగాల స్టేషన్ల చూసొచ్చిన సార్. ముందు చక్రం వంగలే. హ్యాండిల్ వంగలే. అద్దం గూడ పగల్లే. మనిషి తల మాత్రం పగిలింది.”

“మనిషి తల హ్యాండిల్ కంటె మెత్తగుంటది.”

“జ్వరమొచ్చిందని మధ్యాహ్నం సెలవు పెట్టి పోయిండన్నరు. పొద్దున వేలు పెట్టి లోపలికొచ్చినట్టు హాజరు మెషీన్ల ఉంది. బయటికి పోయినట్టు లేదు.”

“జ్వరమొచ్చినోనికి మెషీన్ యాదికుంటదా?”

“ఆయనతోని పనిచేసిన ఒడియా కూలీలు?”

“ఊర్లకు పోయిన్రు.”

“అందరూ? ఒక్కటే రోజు?”

విజయేందర్ నవ్వాడు. “నీకు జవాబులు ముందే తెల్సు కోమలా. ఊకె నన్ను పరేషాన్ జేస్తున్నవ్. డిపార్టుమెంటుల ఉన్నప్పుడు గూడ గింతే. సరైన ప్రశ్నలు అడుగుతవ్, తప్పు మనిషిని అడుగుతవ్. పో, చూస్కో. నేను రాను, మోకాళ్లు నొప్పులు.”

ఆయన అంత సులువుగా వదిలిపెట్టినప్పుడే అనుమానించాల్సింది. కానీ కోమలకు ఆయన మీద పాత కసి ఉంది. ముసలాయన కళ్ల ముందే ఆయన దాచింది బయటికి లాగాలని ఆమె కాళ్లు తొందరపడ్డాయి. కసి ఉన్నవాళ్లకు గేటు ఎందుకు తెరిచి ఉందో కనపడదు.

గుట్టను మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోతారు. ఒక్కో మెట్టును బెంచి అంటారు. రెండో బెంచి కింద నేలంతా పాత రాతిపొడి వానలకు గట్టిపడి ఉంది. ఒక్కచోట మాత్రం మనిషి పడుకునేంత మేర పొడి మెత్తగా, కొత్తగా ఉంది. ఎవరో తెచ్చి పోసి చదును చేశారు. పైన బండ విరిగిన చోట రాయి ఇంకా పచ్చిగా మెరుస్తోంది. కోమల వంగి ఆ పొడిని పిడికెడు పక్కకు తీసింది. కింద నల్లటి నెత్తుటి మరక ఉండాల్సిన చోట రాయిని ఎవరో ఉలితో చెక్కేశారు. కోర్టులో నిలబడేది ఏదీ మిగల్చలేదు. పని తెలిసినవాడే చేశాడు.

ఆ చోటుకు కాస్త ఎగువన, రెండు బండల సందులో ఆకుపచ్చగా ఏదో కనిపించింది.

మోదుగాకుల విస్తరి. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. అందులో కాకులు పొడిచిన జొన్నరొట్టె, ఎండిపోయిన పిట్ల, పక్కన ఒక బీడీ ఉన్నాయి. శనగపిండితో చేసే ఆ పిట్ల ఆదిలాబాద్ వైపు ఇళ్లలో జొన్నరొట్టెతో ఎంత మామూలో, ఇక్కడ అంత అరుదు. నిన్న పెత్రమాస. చనిపోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. లక్ష్మణ్‌ది కూడా అటువైపే, ఇచ్చోడ దగ్గర పల్లె. బైకు పడిందని నమ్మినవాళ్లు పెడితే కల్వర్టు దగ్గర పెట్టాలి. ఇది పెట్టినవాళ్లకు ప్రాణం ఎక్కడ పోయిందో తెలుసు.

బండ పడిన జాగ తెలిసిన మనిషి స్పందన కాదు, ఇంకొకరు. విస్తరి పెట్టినవాళ్లే రివ్యూ రాసినవాళ్లు. స్పందన బయటపడుతుంది.

అంతలోనే ఆ సంతోషం సగం చచ్చిపోయింది. ఒకరు బయటపడాలంటే ఇంకొకరు లోపలికి పోవాలి. ముందు మనిషిని చూద్దాం, తర్వాత ఆలోచిద్దాం అనుకుంది. కింద గేటు వైపు చూస్తే విజయేందర్ వీపు తిప్పి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె విస్తరిని ముడిచి సందులోకి తోసి, మీద రాతిముక్కలు కప్పింది. తర్వాత, గుట్ట వెనక వైపు సన్నటి కాలిబాట ఒకటి ఉంటే దాన్ని పట్టుకుని దిగింది. అది నేరుగా క్యాంటీన్ వెనక తలుపు దగ్గర తేలింది.

*

క్యాంటీన్‌లో వంటమనిషి ఎల్లక్క ఒక్కతే ఉంది. యాభై దాటిన మనిషి. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది.

“తినేతందుకు ఏమన్న ఉన్నదా అక్కా?”

“అన్నం వండలే బిడ్డా, పనోళ్లు లేరు. నిన్నటి జొన్నరొట్టె ఉన్నది, తింటవా?”

స్టీలు పళ్లెంలో రొట్టె పెట్టి, పక్కన గిన్నె వంచింది. పిట్ల. కోమల దాన్ని ముట్టుకోలేదు.

“నిన్న ఎవలకు పెట్టినవ్ అక్కా?”

“మా పెద్దలకు.”

“రెండో బెంచి కాడ మీ పెద్దలెవలున్నరు?”

ఎల్లక్క చేతిలో గరిటె ఆగిపోయింది. తర్వాత వెళ్లి ముందు తలుపు దగ్గరికి వేసి వచ్చి, పీట మీద కూలబడింది.

“నువ్వు కంపెనీ మనిషివా?”

“కాదు. స్పందన మనిషిని.”

ఆ పేరు వినగానే ముసలామె ముఖం విచ్చుకుంది. కోమలకు ఎందుకో అది నచ్చలేదు.

“లక్ష్మణ్‌ది మా ఊరే బిడ్డా. వాళ్లవ్వకు మాటిచ్చి నేనే తోల్కొచ్చి పనిల పెట్టిచ్చిన. ఆ పొద్దు రొట్టె జేసిన. వేడివేడిగ తింటడని కొంగుల పట్కొని ఎనుక తొవ్వకెళ్లి ఎక్కిన. ఆడోళ్లు ఎక్కద్దు, ఎవలన్న చూస్తె తిడ్తరని బండ చాటుకు నిలవడ్డ. వాన్ని పిలుద్దామని నోరు తెరిసిన, అంతల బండ జారింది. చప్పుడు గూడ పెద్దగ రాలే. అవ్వా అన్నడు. మళ్ల అవ్వా అన్నడు. వాళ్లవ్వ యాడనో ఉన్నది, ఆమెకేం ఇనవడ్తది. నేను ఇన్న.”

“ఎందుకు పోలే దగ్గరికి?”

“కాళ్లు రాలే.” ఎల్లక్క అరచేతులతో మోకాళ్లు రాసుకుంది. “అందరు ఉరికొచ్చిన్రు. వాన్ని టిప్పర్ల ఎత్తేసిన్రు. నేను సాటుకే ఉన్న. తెల్లారి వాళ్లవ్వ వచ్చి, మా పోరడు బండి మీదికెళ్లి ఎట్ల పడ్డడక్కా అని నన్నే అడిగింది. నాకు తెల్వదన్న. గా మాట అన్నకాన్నుంచి నాకు తిండి పోతలే బిడ్డా.”

“ఇది ఎవలకు జెప్పినవ్?”

“ఒక్క స్పందనమ్మకే. నేను ఏడుస్తుంటే చూసి అడిగింది. ఆమెనే నెట్టుల రాసింది. నా పేరు రాయకు తల్లీ అన్న. నీ పేరే గాదు, నా పేరు గూడ ఉండదు అక్కా, ఎవలకు దొరకం అన్నది.”

కోమల పళ్లెం పక్కకు జరిపింది. చున్నీ అంచు చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్న పిల్ల కళ్ల ముందు మెదిలింది. పట్టుకోకుండా బయటేసే దారి లేదా అని ఎందుకు అడిగిందో ఇప్పుడు అర్థమైంది.

“మరి నాకెందుకు అబద్ధం జెప్పింది?”

“నేనే ఒట్టేయించుకున్న. తను రాసిన అంటె, నీకెవలు జెప్పిన్రు అని అడుగుతరు గదా.”

అదీ సంగతి. రాసిన మనిషిని వెబ్‌సైటు దాచింది. చెప్పిన మనిషిని స్పందన దాచింది. ఎవరి బతుకు వాళ్లు గుట్టుగా బతుకుతుంటే, తను వచ్చి దారిపొడుగునా తవ్వుకుంటూ ఈ పొయ్యి దాకా వచ్చింది.

“ఆ విస్తరి ఆడ ఎందుకు పెట్టినవ్ అక్కా?”

“పాణం పోయిన కాడనే పెట్టాలె. రోడ్డు మీద పెడ్తె వానికి ముట్టదు.” ఎల్లక్క ఆమె వైపు అనుమానంగా చూసింది. “తప్పయిందా?”

కాలేదని కోమల తల ఊపింది. ఫోను తీసి ఈ మాటలన్నీ రికార్డు చేయాలనిపించింది. ఒక్క ఐదు నిమిషాలు చాలు. కానీ ముసలామె కళ్లు ఫోను మీదికి పోయి భయంతో అక్కడే నిలిచిపోయాయి. కోమల దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుంది.

“బట్టలు సదురుకో అక్కా. ఈ రాత్రి నువ్వు ఈడ ఉండద్దు. మా ఇంటికి పోదాం. గేటు కాడ స్కూటీ ఉంది, తీస్కొస్త.”

“పొయ్యి ఆర్పాల్నా?”

“ఆర్పు.”

*

స్కూటీ సీటు మీద విజయేందర్ కూర్చుని ఉన్నాడు.

“దొరికిండ్రా?” అన్నాడు.

“ఎవలు సార్?”

“రివ్యూ రాసినోళ్లు.”

“ఎవలూ దొరకలే. జర లేవుర్రి, నాకు పనుంది.”

ఆయన లేవలేదు. “రాసిందెవరో నాకు చదివిన రోజే తెల్సు. మనిషి పోతే ఆ పూట పని ఆపాలె అని బొగ్గుబాయిలోళ్లు తప్ప ఎవరంటరు? అది వాళ్ల కాడి రివాజు. మా ఆఫీసుల శ్రీరాంపూర్ పిల్ల ఒక్కతే ఉన్నది. ఇంత చిన్న ముచ్చట నీకు తట్టలేదా?”

తట్టలేదు. తాను చదువుతుంటే ఆ పిల్ల నేల చూపులు చూడటం కనపడింది గానీ, చదివిన మాటే చెవికెక్కలేదు.

“తెల్సినంక ఇంకా ఎందుకు పీడిస్తున్నరు ఆమెను?”

“ఆమె గుట్ట ఎక్కలేదు. ఆ రోజు ఆడ ఉన్న ఒడియా పిలగాండ్లను తెల్లారే రైలెక్కిచ్చిన. ఇగ ఫికర్ లేదనుకున్న. తర్వాత రివ్యూల చదివిన, చచ్చేటోడు అవ్వా అన్నడట. రెండుసార్లట. దగ్గర నిలబడి ఇన్నోళ్లే గామాట చెప్తరు. ఇన్నోళ్లు మనోళ్లే, తెలుగోళ్లే. డ్రైవర్లను అడిగిన, వాచ్‌మన్లను అడిగిన, బెదిరిచ్చిన. ఒక్కడు నోరిప్పలే. నా మొఖం చూసి ఎవరు చెప్తరు?” ఆయన తాపీగా ఫోను చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “నీ మొఖం చూసి చెప్తరు. నీ ఏజెన్సీ పేరు ఆ పిల్లకు చెప్పింది మా వకీలే.”

కోమల స్కూటీ హ్యాండిల్ పట్టుకుని లాగింది.

“పేరు లేని మాటను కోర్టు నమ్మది కోమలా. విదేశమోళ్లకు గూడ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, పని చాతకానోళ్లు కక్షతోని రాసిన్రని. కానీ ఆ మాటకు ఒక నోరు దొరికితే అది సాక్ష్యం అయితది. నాకు రాసినోళ్లు అవసరం లేదు. చూసినోళ్లు కావాలె.”

“నేను ఎవలతోని మాట్లాడలే.”

“పైన పావుగంట ఉన్నవ్, మా మనిషి చూసి ఫోన్ల చెప్పిండు. ఏదో ముడిచి రాళ్లు గప్పినవ్. ముందరికెళ్లి ఎక్కినదానివి ఎనుకకెళ్లి దిగినవ్. ఆ తొవ్వ క్యాంటీన్‌కు తప్ప యాడికీ పోదు. ఆడోళ్లు గుట్ట ఎక్కరనుకొని ఆ ముసల్దాన్ని నేను అడగనే లేదు సూడు.” ఆయన నిజంగానే ఆశ్చర్యపోతున్నవాడిలా తల ఊపాడు. “రికార్డు చేసినవా ఫోన్ల?”

కోమల చూపు పక్కకు తిప్పుకుంది. చేయలేదని అదే ఆయనకు చెప్పేసింది.

“మంచిది. నువ్వెప్పుడూ మంచిదానివే. అందుకే డిపార్టుమెంటుల పైకి రాలే.”

జేబులో ఆయన ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఆయన తీసి చూడలేదు. సీటు మీద నుంచి లేచి, కూర్చున్న చోటును అరచేత్తో తుడిచి, “ఇగ తీస్కపో” అని పక్కకు జరిగాడు. అప్పుడు అర్థమైంది కోమలకు. ఇంతసేపూ ఈ మనిషి గొప్పలు చెప్పుకోలేదు. తనను ఇక్కడ నిలబెట్టాడు.

ఆమె స్కూటీ సంగతి మరిచి పరుగెత్తింది.

క్యాంటీన్ తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి ఆర్పి ఉంది. చెప్పినట్టే ఆర్పింది. లోపల దండెం మీద చీరలు లేవు. వెనక వాకిట్లో వాచ్‌మన్ బాలమల్లు బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. ఆమె ఆయాసం చూసి బీడీ కింద పడేశాడు.

“ఎల్లక్క యాడికి పోయింది?”

“ఇప్పుడే జీపుల ఎక్కింది గద మేడమ్.”

“ఎవల జీపు? ఎందుకెక్కింది?”

“కంపెనీ జీపే. మీరు పంపిన్రని చెప్పిన్రు.” బాలమల్లుకు ఏదో తేడాగా ఉందని అప్పుడప్పుడే తెలుస్తోంది. “మేడమ్ గేటు కాడ ఎదురు చూస్తున్నది, జల్ది రమ్మన్నది అన్నరు. అక్క సంబురంగనే ఎక్కింది. నాలుగు రొట్టెలు గూడ మూట గట్టుకుంది, మేడమ్ ఆకలితోని ఉన్నది, ఏం తినలే అన్నది.”

కోమల గేటు వైపు చూసింది. అక్కడ విజయేందర్ తప్ప ఎవరూ లేరు. తను వచ్చిన దారిలో జీపు ఏదీ ఎదురు రాలేదు.

“జీపు ఎటు పోయింది బాలమల్లూ?”

అతను చెయ్యెత్తి గుట్ట మీదికి చూపించాడు.